రంగంలో పొడుపు కథలు

మా ఆస్పత్రిలో కరెంటు పోతే జనరేటరు ముందు ఐసీయూకి, ఆపరేషన్ థియేటరుకి, ఆ తర్వాత వార్డులకి. మేం అన్నం తినే గది దాని లెక్కలోనే లేదు. అందుకని యాంగోన్‌లో నా మధ్యాహ్న భోజనం చాలా రోజులు చీకట్లోనే. ఫ్యాను తిరగదు, ఫోనులో చార్జింగు సాయంత్రానికి దాచుకోవాలి. అలాంటి ఒక రోజు మా అందరిలోకీ చిన్నదైన నర్సు ఒక ఆట మొదలుపెట్టింది. రోజుకొకళ్ళం ఒక చిక్కు ప్రశ్న వేయాలి. ఎవరూ విప్పలేకపోతే వేసినావిడకి మిగతావాళ్ళు టీ ఇప్పించాలి.

నా వంతు వచ్చినప్పుడు మన గ్రూపుల్లో ఎన్నిసార్లో తిరిగిన ఆ పాత ప్రశ్నే వేశాను. తండ్రీ కొడుకూ కారులో వెళ్తుంటే ప్రమాదం జరిగింది. తండ్రి అక్కడికక్కడే పోయాడు. కొడుకుని ఆపరేషన్‌కి తీసుకొచ్చారు. సర్జన్ వచ్చి చూసి, నేను ఈ ఆపరేషన్ చేయలేను, వీడు నా కొడుకు అన్నారు. అదెలా? జవాబు మీకు తెలిసిందే, సర్జన్ ఆ అబ్బాయి తల్లి.

నాకొచ్చిన కాస్త బర్మీస్‌లో కష్టపడి చెప్పాను. ఆఖరి మాట అయ్యేసరికి అందరూ పకపకా నవ్వారు. ఎందుకో నాకర్థం కాలేదు. తర్వాత చెప్పారు. బర్మీస్‌లో "నేను" అనడానికి మగవాళ్ళకి ఒక మాట, ఆడవాళ్ళకి ఒక మాట. మగవాళ్ళు "చనో" అంటారు, ఆడవాళ్ళు "చమ" అంటారు. నేను రోజూ నా గురించి అనుకునే అలవాటు కొద్దీ సర్జన్ చేత కూడా "చమ" అనిపించేశాను. "అమా, ప్రశ్నలోనే జవాబు చెప్పేశారు" అంది ఆ చిన్నపిల్ల. అమా అంటే ఇక్కడ అక్క. కొత్తలో ఆ పిలుపు వింటే ఇంట్లో పిల్లలు పిలిచినట్టే ఉండి వెనక్కి తిరిగేదాన్ని.

పక్కనున్న ఇంకొకావిడ అసలు సంగతి అంది. "ఆ మాట దాటేసి చెప్పినా ఇందులో దాచిందేముంది? ఇక్కడ డాక్టర్లలో ఎంతమంది ఆడవాళ్ళో రోజూ చూస్తూనే ఉన్నాం కదా." నిజమే. ఆ రోజు టీ నాకు దక్కలేదు.

ఇంటికొచ్చాక అదే ప్రశ్న తెలుగులో నాకు నేనే చెప్పుకుని చూశాను. "సర్జన్ అన్నాడు" అంటే అబద్ధం. "సర్జన్ అంది" అంటే గుట్టు బయటపడిపోతుంది. "అన్నారు" అని గౌరవం కలిపితేనే మన భాషలో ఈ ప్రశ్న నిలబడుతుంది. ఒకే ప్రశ్న మూడు భాషల్లో మూడు రకాలుగా నడిచింది.

అప్పుడు నాకు ఒకటి అర్థమైంది. చిక్కు ప్రశ్న వస్తువుని దాచదు. వినేవాళ్ళు ముందే మనసులో అనేసుకున్న మాట వెనక అది దాక్కుంటుంది. ఆ అనుకోవడం లేనివాళ్ళ దగ్గర ప్రశ్నే ఉండదు. కాబట్టి పక్కవాళ్ళకి ఒక పొడుపు కథ వేయాలంటే ముందు వాళ్ళేం అనుకుంటారో మనకి తెలియాలి. ఈ ఊళ్ళో మనవాళ్ళ చరిత్ర చదువుతున్నప్పుడు ఈ మాట నాకు చాలాసార్లు గుర్తొచ్చింది. దాని గురించే ఈ వ్యాసం.

దాచేవాళ్ళు, పొడిచేవాళ్ళు

బర్మీస్‌లో పొడుపు కథని "జగథా" అంటారు. దాన్ని వేయడానికి వాళ్ళు వాడే మాటకి అర్థం దాచిపెట్టడం. మనది పొడుపు. పొడవడం అంటే గుచ్చడం. పొద్దు పొడిచింది అన్నప్పుడూ అదే మాట. ఎదుటివాడు పొడుస్తాడు, మనం విప్పుతాం. వాళ్ళు దాస్తారు, వెతికి బయటపెట్టమంటారు. మాటలు వేరైనా ఆట ఒకటే.

ఈమధ్య ఆఫీసుల్లో, ట్రైనింగుల్లో ఇలాంటి ప్రశ్నల్ని లేటరల్ థింకింగ్ పజిల్స్ అంటున్నారు. ఎదురుగా ఉన్న దారి మూసుకుపోతే పక్కదారి వెతకడమన్నమాట. ఈ పేరు 1967లో ఎడ్వర్డ్ డి బోనో తన పుస్తకంతో వాడుకలోకి తెచ్చారు. ఆయన మాల్టా దేశంలో పుట్టిన వైద్యుడు. ఆ పుస్తకం మొదట్లో ఒక కథ చెప్తారు. ఒక వర్తకుడు వడ్డీవ్యాపారికి బాకీ పడ్డాడు. ఆ ముసలి వ్యాపారి కన్ను వర్తకుడి కూతురి మీద పడింది. సంచిలో ఒక నల్లరాయి, ఒక తెల్లరాయి వేస్తానన్నాడు. పిల్ల నల్లది తీస్తే అతన్ని పెళ్ళాడాలి, బాకీ రద్దు. తెల్లది తీస్తే పెళ్ళీ లేదు, బాకీ కూడా లేదు. తీరా చూస్తే అతను వంగి రెండూ నల్లరాళ్ళే ఏరి సంచిలో వేశాడు. పిల్ల అది కనిపెట్టింది. మోసం అని అరవలేదు. చేయి పెట్టి ఒక రాయి తీసింది, చూడకుండానే చేయి జారినట్టు కింద గులకరాళ్ళలో పడేసింది. "అయ్యో, ఏది తీశానో కలిసిపోయింది. పోనీలెండి, సంచిలో మిగిలింది చూస్తే నేను తీసిందేదో తెలుస్తుంది కదా" అంది. సంచిలో మిగిలింది నల్లదే కాబట్టి ఆమె తీసింది తెల్లదని ఒప్పుకోక తప్పలేదు.

ఇది చదివితే మనకి చందమామలో కథ చదివినట్టే ఉంటుంది. పేరు పాశ్చాత్యులు పెట్టారు గానీ పక్కదారి ఆలోచన మనకి కొత్త కాదు. మర్యాద రామన్న దగ్గరికి నలుగురు పత్తి వర్తకులు వచ్చిన కథ మనందరికీ తెలుసు. ఎలుకల కోసం పిల్లిని పెంచి, తలా ఒక కాలు పంచుకున్నారు. ఒకడి వాటా కాలికి దెబ్బ తగిలితే నూనెగుడ్డ కట్టాడు. దానికి నిప్పంటుకుని పిల్లి పరిగెత్తితే పత్తి అంతా కాలిపోయింది. నష్టం ఎవరు కట్టాలి? గుడ్డ కట్టినవాడే కట్టాలని అందరూ అనుకుంటారు. రామన్న మాత్రం దెబ్బతగిలిన కాలు నేల మీద మోపలేదు కదా, పరిగెత్తింది మిగతా మూడు కాళ్ళే కాబట్టి ఆ ముగ్గురే కట్టాలి అన్నాడు.

మా భోజనాల గదిలో ఈ కథ చెప్తే అందరూ ఒక్క గొంతుతో అన్న మాట, "ఇది మా మహో లాగే ఉంది!"

మహో ఎవరు

మహో అంటే మహోసధుడు. బుద్ధుడి పూర్వజన్మల కథలైన జాతకాలు 547 ఉంటే, వాటిలో చివరి పది పెద్ద జాతకాలకి బర్మాలో గొప్ప గౌరవం. ఆ పదిలో తెలివితేటలకి సంబంధించిన కథ మహోసధుడిది. ఇక్కడి పిల్లలకి మహో అంటే మనకి తెనాలి రామకృష్ణుడు ఎంత దగ్గరో అంత దగ్గర.

కథ జరిగేది మిథిలలో. రాజు పేరు వేదేహుడు. ఊళ్ళో ఒక తెలివైన పిల్లాడు ఉన్నాడని విని, నిజమో కాదో తేల్చుకోవడానికి రాజు ఆ ఊరికి వరసగా పరీక్షలు పంపిస్తాడు. రెండు వైపులా సమానంగా చిత్రిక పట్టిన చండ్రకర్ర ఒకటి పంపి, దీనికి మొదలేదో చివరేదో చెప్పమంటాడు. మహోసధుడు కర్ర నడుముకి దారం కట్టి నీళ్ళలో వదిలాడు. బరువుగా ఉన్న మొదలు వైపు ముందు మునిగింది. ఇంకోసారి ఎనిమిది వంపులున్న రత్నంలో పాతదారం తెగిపోయింది, కొత్తది ఎక్కించమన్నారు. సూదితో అయ్యే పని కాదు. అతను దారం కొసకి తేనె రాసి కొంచెం లోపలికి తోశాడు, అవతలి రంధ్రానికీ తేనె రాసి చీమల దగ్గర పెట్టాడు. చీమలే దారాన్ని లాక్కుపోయాయి.

కొన్ని పరీక్షలకి జవాబే ఉండదు. ఎద్దుని పంపి, ఇది కడుపుతో ఉంది, పురుడు పోసి పంపండి అన్నాడు రాజు. మహోసధుడు ఒక మనిషిని ఏడ్చుకుంటూ రాజు దగ్గరికి పంపాడు. మా నాన్నకి ఏడు రోజుల నుంచి నొప్పులు, ఏం చేయాలో చెప్పండి ప్రభూ అన్నాడు ఆ మనిషి. మగవాడికి కాన్పేమిటి అన్నాడు రాజు. మరి ఎద్దుకి ఎలా వస్తుంది ప్రభూ అన్నాడు అతను. ఇసుకతో పేనిన తాడు పంపమంటే, ఎంత లావు కావాలో తెలియడానికి మీ దగ్గరున్న పాత తాడు ముక్క నమూనాకి పంపండి అని కబురు పెట్టారు. అక్బరు ఎద్దుపాలు తెమ్మంటే బీర్బల్ కూతురు అర్ధరాత్రి బట్టలుతుకుతూ, మా నాన్న ప్రసవించాడు అని చెప్పే కథ మనం విన్నదే. వేరువేరు దేశాలు, వేరువేరు రాజులు, పక్కదారి మాత్రం ఒకటే.

నాకు ఈ జాతకంలో బాగా నచ్చింది అమరాదేవి. మహోసధుడు పెళ్ళికూతురిని వెతుక్కుంటూ వెళ్తుంటే పొలానికి గంజి తీసుకెళ్తున్న అమ్మాయి ఎదురైంది. నీకు పెళ్ళయిందా అని నోటితో అడగకుండా పిడికిలి మూసి చూపించాడు. ఆమె అరచేయి తెరిచి చూపించింది, కాలేదని. పేరడిగితే, ఎప్పుడూ లేనిది, ఇప్పుడూ లేనిది, ఇకముందూ ఉండనిది నా పేరు అంది. చావు లేకపోవడం అనేది లోకంలో లేదు కాబట్టి ఆమె పేరు అమర. మీ నాన్న ఏం చేస్తున్నాడంటే ఒకదాన్ని రెండు చేస్తున్నాడంది, అంటే దున్నుతున్నాడు. ఎక్కడంటే పోయినవాళ్ళు తిరిగిరాని చోట అంది, అంటే శ్మశానం పక్క పొలంలో. ఈ రోజు తిరిగొస్తావా అంటే, వస్తే రాను, రాకపోతే వస్తాను అంది. వచ్చేది ఏటికి వరద. అన్నీ విప్పగలిగినవాడు కాబట్టే ఆమె అతన్ని ఒప్పుకుంది.

పెళ్ళయ్యాక ఇంకా గట్టి పని చేసింది. మహోసధుడంటే గిట్టని నలుగురు పండితులు రాజుగారి నగలు దొంగిలించి, దాసీల చేత ఒక్కొక్కటి ఆమె ఇంటికి చేర్చి, దొంగతనం ఆ ఇంటి మీదకి నెట్టాలని చూశారు. అమర కంగారు పడలేదు. ఏ వస్తువు, ఏ రోజు, ఎవరు పంపితే ఎవరి చేత వచ్చిందో రాసిపెట్టుకుంది. తర్వాత ఆ నలుగురినీ తన ఇంటికే రప్పించి, గోతిలో పడేలా చేసి, బుట్టల్లో పెట్టించి రాజు ముందుకి తీసుకెళ్ళి లెక్క చదివింది. నర్సులందరం ఈ చోట చప్పట్లు కొట్టాం. మా ఉద్యోగంలో మొదటి పాఠం అదే కదా. రాయనిది జరగనట్టే.

ఈ కథ ఎంత పాతదంటే, మధ్యప్రదేశ్‌లోని భర్హుత్ స్తూపం రాతికంచె మీద రాజు ముందు అమర, బుట్టల్లో పండితులు ఉన్న బొమ్మ చెక్కి, పక్కన జాతకం పేరు కూడా రాశారు. అది క్రీస్తు పూర్వపు పని. బర్మాలో బగాన్ ఆనంద ఆలయం మీద జాతకాల బొమ్మలతో మెరుగుపూసిన మట్టిపలకలు అమర్చారు. అవి సుమారు 900 ఏళ్ళ నాటివి. చివరి పది జాతకాలకి అక్కడ ఒక్కో పలక సరిపోలేదు, చాలా చాలా పలకలు వేశారు. బర్మాలో సుధమ్మచారి అనే రాకుమారి తీర్పుల కథలు కూడా ఉన్నాయి. న్యాయం చెప్పేది అక్కడ ఆడపిల్లే. రంగూన్ విశ్వవిద్యాలయానికి రెక్టరుగా పనిచేసిన మౌంగ్ టిన్ ఆంగ్ 1948లో బర్మా జానపద కథల్ని, 1962లో తీర్పు కథల్ని ఇంగ్లీషులో పుస్తకాలుగా తెచ్చారు.

అమరావతి, నాగార్జునకొండల్లో జాతకాలు చెక్కుకున్న నేల మనది. మనం మహోసధుడిని మర్చిపోయి రామన్ననీ రామకృష్ణుడినీ తలుచుకుంటున్నాం. వాళ్ళు మహోని పట్టుకున్నారు. మనకీ వాళ్ళకీ మధ్య ఇంత దగ్గరి కథలున్నాయి. మరి ఈ రెండు జనాలూ ఒకే రేవులో ఎదురుపడినప్పుడు ఏం జరిగింది?

రంగం వెళ్ళినవాళ్ళు

శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో పెద్దవాళ్ళు రంగూన్ అనరు, రంగం అంటారు. రంగం వెళ్ళాడు అంటే సముద్రం దాటి కూలికి వెళ్ళాడని. 1852లో ఆంగ్లేయులు రంగూన్‌ని పట్టుకున్నాక, 1869లో సూయజ్ కాలువ తెరిచాక, బర్మా బియ్యానికి ఐరోపా మార్కెట్టు దొరికింది. మిల్లులకి, ఓడలకి మనుషులు కావాలి. కాకినాడ, విశాఖ, భీమిలి నుంచి స్టీమర్లు నడిచాయి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్ళందరికీ "కోరంగీలు" అనే పేరు స్థిరపడింది. ఏ జిల్లా వాడైనా అక్కడ కోరంగీయే.

1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం, కాబట్టి పాస్‌పోర్టు అక్కర్లేదు. 1920ల చివర్లో ఒక్క ఏడాదిలో నాలుగు లక్షలకి పైగా భారతీయులు ఓడ దిగిన సందర్భం ఉంది. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్ జనం దాదాపు నాలుగు లక్షలు. వాళ్ళలో సగం కంటే ఎక్కువమంది భారతీయులే. బర్మీయుల రాజధానిలో బర్మీయులే తక్కువ. ఓడల్లో సరుకు ఎక్కించేది, దించేది, రిక్షా లాగేది, మిల్లులో బస్తాలు మోసేది ఎక్కువగా తెలుగువాళ్ళు.

వాళ్ళు ఎలా బతికారో చూడండి. ఊళ్ళోనే మేస్త్రీ ముందుగా డబ్బిచ్చి ఓడ టిక్కెట్టు కొనేవాడు. ఆ అప్పు తీరేదాకా మేస్త్రీ చెప్పినచోటే పని. ముఠా అంతా తెలుగే, మేస్త్రీ తెలుగే, పడుకునే బ్యారక్ తెలుగే. ఒకే గదిలో కిక్కిరిసి పడుకునేవాళ్ళు. ఎక్కువమంది పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళో వదిలి వచ్చిన మగవాళ్ళు. రెండు మూడేళ్ళు సంపాదించుకుని తిరిగి వెళ్ళిపోవాలనే ఆలోచన. పక్కవాడి భాష నేర్చుకోవాల్సిన అవసరమే రాలేదు. ముంగిట్లో ఆడుకునే పిల్లలు లేరు, పొయ్యి దగ్గర పొడుపు కథ వేసే అమ్మమ్మ లేదు. ఇరుగమ్మ పొరుగమ్మ మధ్య గిన్నె మారితే దానితోపాటు మాటా మారుతుంది. ఆ గిన్నె మారే చోటే లేదు.

బర్మాలో ఐసీఎస్ అధికారిగా పనిచేసి, బర్మీయురాలిని పెళ్ళాడిన జె.ఎస్. ఫర్నివాల్ అనే ఆయన ఈ సమాజాన్ని దగ్గర నుంచి చూశారు. 1948లో వచ్చిన పుస్తకంలో దీన్ని వివరించారు. రకరకాల జనాలు ఒకే ఊళ్ళో పక్కపక్కనే ఉంటారు, ఎవరి మతం వాళ్ళది, ఎవరి భాష వాళ్ళది, కలుసుకునేది బజారులో కొనడానికి, అమ్మడానికి మాత్రమే. నూనె, నీళ్ళు ఒకే సీసాలో పోసినట్టన్నమాట. కుదిపితే కలిసినట్టే ఉంటాయి, వదిలేస్తే విడిపోతాయి.

1930 మే నెలలో ఆ సీసా పగిలింది. రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. అంతవరకు ఆ పని తెలుగువాళ్ళదే. కంపెనీలు సమ్మె విరగ్గొట్టడానికి బర్మీయుల్ని తెచ్చి పనిలో పెట్టాయి. తర్వాత కొద్దిగా కూలి పెంచి సమ్మె తేల్చుకున్నాయి. మే 26 ఉదయం తెలుగువాళ్ళు పనికి తిరిగొచ్చారు. ఆ సంగతి ఎవరూ చెప్పని బర్మీయులూ ఎప్పటిలాగే పనికి వచ్చారు. మీరిక అక్కర్లేదు, వెళ్ళిపోండి అన్నారు వాళ్ళని. తెలుగువాళ్ళు వాళ్ళని చూసి ఎగతాళిగా నవ్వారు. ఆ నవ్వుతో కొట్లాట మొదలై ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్ళే. అప్పుడు రంగూన్ జిల్లా మేజిస్ట్రేటుగా ఉన్న మారిస్ కోలిస్ తర్వాత తన పుస్తకంలో ఆ రోజుల గురించి రాశారు. మా బర్మీయులం అనే పేరుతో జాతీయోద్యమ సంఘం దొబామా పుట్టింది కూడా ఆ గొడవల వెనకే.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు సంచిలో రెండు నల్లరాళ్ళు కనిపిస్తాయి. కూలి ఎంతో నిర్ణయించేది, ఎవర్ని పిలవాలో ఎవర్ని పొమ్మనాలో చెప్పేది కంపెనీలు. ఎవరు ఏ రాయి తీసినా నల్లదే వస్తుంది. కానీ రేవులో ఉన్న ఇద్దరికీ సంచి కనపడలేదు, ఒకరికొకరే కనపడ్డారు. బర్మీయుడు, వీడు నా పని లాక్కున్నాడు అనుకున్నాడు. తెలుగువాడు, వీడు నా సమ్మె విరగ్గొట్టాడు అనుకున్నాడు. ఒకరి కష్టం ఒకరికి తెలిసే వీలు, అడిగే భాష వాళ్ళ మధ్య లేవు. ముందు రోజు వరకు ఒకరితో ఒకరు మాట్లాడని మనుషుల మధ్య మొదటి మాట ఎగతాళి అయింది. నవ్వు రెండు రకాలు కదా. ప్రశ్న విప్పలేక ఓడిపోయినవాడు కూడా కలిసి నవ్వేది ఒకటి, ఓడిపోయినవాడిని చూసి నవ్వేది ఒకటి.

ఆ తర్వాత సంగతులు మన పెద్దవాళ్ళు చెప్పగా విన్నవే. 1941 డిసెంబరు 23న జపాన్ రంగూన్ మీద బాంబులు వేసింది. లక్షల మంది అడవుల్లో, కొండల్లో నడిచి ఇండియాకి బయలుదేరారు. వేలాదిమంది దారిలోనే పోయారు. యుద్ధం అయ్యాక కొందరు తిరిగొచ్చారు. 1962లో సైన్యం అధికారం తీసుకుంది. దుకాణాలు, వ్యాపారాలు ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1964లో పెద్ద నోట్లు చెల్లవన్నారు. సుమారు మూడు లక్షల మంది భారతీయులు ఉత్తచేతులతో ఓడలెక్కారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. వెళ్ళలేక ఇక్కడే ఉండిపోయినవాళ్ళ పిల్లలు బర్మీస్ బడుల్లో చదువుకున్నారు, బర్మా పేర్లు పెట్టుకున్నారు. రామాలయాలు, పండుగలు చాలాచోట్ల నిలబడ్డాయి. ఇంట్లో మాట మాత్రం తరం తరానికి తగ్గింది.

జవాబు మిగిలింది, ప్రశ్న పోయింది

మా ఆస్పత్రిలో శుభ్రం చేసే ఒక పెద్దావిడ ఉన్నారు. బర్మా పేరు, చెంపలకి తనాఖా గంధం, నోట్లో కిళ్ళీ. మా చిక్కు ప్రశ్నల ఆట వింటూ ఒక రోజు గుమ్మం దగ్గర ఆగి, మా అమ్మమ్మ కూడా ఇలా అడిగేది అన్నారు. అమ్మమ్మ కోరంగీ. కూరగాయలు తరుగుతూ ఏదో పాటలాగా అడిగేదట. ఈవిడ జవాబు చెప్తే తాటిబెల్లం ముక్క పెట్టేదట. ప్రశ్న ఒక్క ముక్క కూడా గుర్తులేదు. జవాబు గుర్తుంది. "ఉల్లిపాయ" అన్నారు. అచ్చంగా మన ఉల్లిపాయే, మా ఊళ్ళో అన్నట్టే. ఆ మాటకి తెలుగులో అర్థమేమిటో కూడా ఆవిడకి తెలియదు. బెల్లం వచ్చే మాట అని మాత్రం తెలుసు.

నాకు గొంతు పట్టేసింది. మా అమ్మ వేసే ఉల్లిపాయ పొడుపు కథ చెప్పాను. అదే, పొరపొరకీ చీర కట్టుకుని, విప్పినవాళ్ళని ఏడిపించేది. ఆవిడ శ్రద్ధగా విని తల అడ్డంగా ఊపారు. అది కాదు, మా అమ్మమ్మది ఇంకా పొడుగు, చివర్లో రెండుసార్లు చప్పట్లు ఉండేవి అన్నారు.

ఆ రోజు నుంచి ఆవిడ కూడా మా ఆటలో చేరారు. అంతవరకు గుమ్మం దగ్గరే ఆగేవారు. అన్నేళ్ళుగా అదే గదిని ఆవిడ తుడుస్తూ ఉంటే మేమెవరం కూర్చోమని అనలేదు. రేవులో వాళ్ళని గురించి ఇంత రాశాను గానీ, ఆ సంగతి తలుచుకుంటే నాకే సిగ్గేసింది.

మనలో చాలామందిమి ఏదో ఒక దేశంలో ఎవరో ఒకరి పక్కన పనిచేస్తున్నవాళ్ళమే. ఫిలిప్పీన్స్ అమ్మాయితో కలిసి డ్యూటీ చేస్తాం, మలయాళీ అక్కతో లిఫ్టులో నవ్వుతాం, పక్కింటి అరబ్బు ఆవిడకి పాయసం పంపిస్తాం. ఏళ్ళు గడిచినా వాళ్ళ అమ్మమ్మలు ఏ పొడుపు కథలు వేసేవాళ్ళో మనకి తెలియదు. మా గదిలో మేం నేర్చుకున్నవి చెప్తాను. ముందు మన ప్రశ్న వేయకండి, వాళ్ళది అడగండి. విప్పలేకపోతే ఓడిపోయానని హాయిగా ఒప్పుకోండి, ఓడినప్పుడే అవతలివాళ్ళు మన పక్కకి జరిగి కూర్చుంటారు. ఒక జాతినో, ఒక పని చేసేవాళ్ళనో తెలివితక్కువవాళ్ళుగా చూపించే ప్రశ్న ఎంత బాగున్నా వదిలేయండి. భాష చాలకపోతే అమర లాగా చేతులతో అడగండి.

పాత రోజుల్లో బర్మాలో తగువు తీరి, తీర్పు ఇద్దరికీ సమ్మతమైతే ఇద్దరూ కలిసి లపెట్ తినేవాళ్ళట. లపెట్ అంటే ఊరబెట్టిన తేయాకు. దాన్ని వేయించిన పప్పులు, నువ్వులు, వెల్లుల్లితో కలుపుకుంటారు. మా ఆటలో ఇప్పుడు టీ బదులు అదే పందెం. ఓడినవాళ్ళు తెస్తారు, అందరం తింటాం. ఎక్కువసార్లు తెచ్చేది నేనే.

చివరిగా మీ అందరికీ ఒక పని. ఉల్లిపాయ జవాబుగా వచ్చే పొడుపు కథలు మీ ఇంట్లో, మీ అత్తగారింట్లో, మీ ఊళ్ళో ఎలా చెప్తారో మన గ్రూపులో వాయిస్ మెసేజీ పెట్టండి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి వైపు పెద్దవాళ్ళు ఉంటే తప్పకుండా అడగండి. కాస్త పొడుగ్గా, పాటలాగా ఉండాలి, చివర రెండు చప్పట్లు రావాలి. వచ్చినవన్నీ ఆవిడకి వినిపిస్తాను.